స్వామివారి ఎముకల పత్రం

టేపు సాగుతోందా, మాణిక్యాంబ తగ్గుతోందా అన్న అనుమానం గున్నేశ్వరరావును ఆరేళ్లుగా పీడిస్తోంది.

ఆయన దర్జీ. గువ్వలకొండ కింద బజారులో నలభై నాలుగేళ్లుగా అదే కొట్టు, అదే మిషను. ఎవరికి ఏది కుట్టినా కొలతల పుస్తకంలో తేదీ వేసి రాసుకోవడం ఆయన అలవాటు. ప్రతి ఉగాదికీ భార్యకు ఒక నైటీ కుడతాడు. భుజం నుంచి చీలమండ దాకా ఏళ్ల తరబడి యాభై రెండు అంగుళాలు. అది ఒక ఏడు యాభై ఒకటిన్నర అయింది.

వాడగా వాడగా గుడ్డ టేపు సాగుతుందనీ, సాగిన టేపు తక్కువ చూపిస్తుందనీ దర్జీలందరికీ తెలుసు. అందుకని టేపు మార్చాడు. మరుసటి ఏడు యాభై ఒకటి. మళ్లీ మార్చాడు. మూడో టేపును రాజమండ్రి నుంచి తెప్పించి, ఇనప స్కేలు పక్కన పెట్టి సరిచూశాడు. టేపులో దోషం లేదు. అయినా ఈ ఏడు నలభై తొమ్మిదిన్నరే వచ్చింది. పెళ్లయిన నలభై ఆరేళ్లలో ఆయన భార్యను ఎన్నడూ అనుమానించి ఎరగడు. కనక నాలుగో టేపు కొన్నాడు.

"ఏవండీ, దేవుడి అలమర పైకి కొట్టించారా?" అని మాణిక్యాంబ ఒకరోజు అడిగింది. ఒకప్పుడు నేల మీద నిలబడే దీపం వెలిగించేది. తరవాత మునివేళ్ల మీద నిలబడింది. ఇప్పుడు పీట ఎక్కుతోంది.

"నేనెందుకు కొట్టిస్తానే? గోడ కుంగిందేమో."

"గోడ కుంగితే అలమర కిందకి రావాలి కదండీ."

అదీ నిజమే.

కిందటి కార్తీకంలో ఆవిడ పెరట్లో కాలు జారి చెయ్యి ఆనించింది. పెద్ద పాటేమీ కాదు. మణికట్టు మాత్రం విరిగింది. "ఇంత చిన్న పాటుకే విరగడమేటండీ?" అని గున్నేశ్వరరావు కట్టు కట్టిన డాక్టరు గారిని అడిగాడు. "వయసండీ" అన్నారాయన. వయసు నాకూ ఉంది కదా, నేనూ మొన్న జారాను కదా అనబోయి, పెద్ద చదువు చదివిన మనిషితో ఎందుకులెమ్మని ఊరుకున్నాడు.

ఆ విరిగిన చేతివల్ల మళ్లీ ఆగిపోయింది మెట్లపూజ. పదకొండేళ్ల కిందట గున్నేశ్వరరావుకు కడుపులో పేగు పగిలి, ఆపరేషను గది తలుపు మూసుకున్నప్పుడు, మాణిక్యాంబ బయట బల్ల మీద కూర్చుని గువ్వలకొండ వేణుగోపాలస్వామికి మొక్కుకుంది. ఆయన బతికి బయటపడితే నాలుగు వందల పన్నెండు మెట్లకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొండెక్కుతానంది. ఆయన బతికాడు. మొక్కే మిగిలిపోయింది. ఒక ఏడు కోడలి పురుడు, ఒక ఏడు ఎవరిదో మైల, రెండేళ్లు కరోనా, తరవాత నడుంనొప్పి, తరవాత చెయ్యి. "మీ ప్రాణం ఇంకా స్వామి దగ్గర తాకట్టులోనే ఉందండీ" అనేది మాణిక్యాంబ. నవ్వుతూనే అనేది గానీ, అన్నాక కొండ వైపు తిరిగి దండం పెట్టేది.

ఈ ఏడు ఏమైనా సరే చేసెయ్యాలనుకున్నారు. పసుపు దంపించారు కూడా. అప్పుడే కొండ కింద బోర్డు వెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది భక్తులకు తెలియజేయునది ఏమనగా, మెట్ల మార్గమున పైకి గాని కిందికి గాని పోవు ప్రతి ఒక్కరును దేవస్థానము వారి అస్థిసాంద్రతా ధ్రువపత్రమును విధిగా కలిగి యుండవలెను."

దీనికి కారణం లేకపోలేదు. మాఘమాసంలో ఒక పెళ్లిబృందంలోని కుర్రవాడు సెల్‌ఫోనులో వీడియో తీస్తూ వెనక్కి నడిచి, నూట ఎనభై ఏడో మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ మెట్టు పక్కన మంచినీళ్ల గొట్టం మూడేళ్లుగా కారుతోంది. అక్కడ నాచు పట్టిన సంగతి కొండ మీది కోతులకు కూడా తెలుసు. అవి ఆ మెట్టు దాటేసి గెంతుతాయి. దేవస్థానం వారు విచారణ సంఘం వేశారు. గొట్టం నీటి విభాగానిది గనక అది సంఘం పరిధిలోకి రాదన్నారు. మిగిలింది కాలు. "సదరు భక్తుని ఎముక తగినంత దృఢముగా ఉండినయెడల విరిగి యుండెడిది కాదు" అని నివేదిక వచ్చింది. అదే సమయానికి ఒక దాత ఎముకల మిషను ఒకటి సమర్పించుకున్నారు. మిషను వచ్చాక దానికి పని ఉండాలి కదా.

ఎముకల విభాగం కౌంటరు పక్కన పెద్ద రంగుల పటం అంటించారు. గున్నేశ్వరరావు కళ్లజోడు సవరించుకుని చదివాడు. "మీరు ఎత్తు తగ్గుతున్నారా? చిన్న దెబ్బకే ఎముక విరిగిందా? నడుము వంగుతోందా? ఆలస్యం చేయకండి! ఎముకల పరీక్ష చేయించుకోండి!"

ఆయన రెండుసార్లు చదివాడు. "మాణిక్యం, ఇది నీ గురించే రాశారే" అన్నాడు నెమ్మదిగా. టేపుల మీద ఆరేళ్లుగా వేసిన నింద అప్పుడు మొదటిసారి ఆయన మెడ చుట్టూ బరువుగా తోచింది.

కౌంటరులో పర్యవేక్షకుడు భీమశంకరం కూర్చున్నాడు. మొన్నటిదాకా పులిహోర కౌంటరు చూసినవాడు.

"వయసెంతమ్మా?"

"అరవై ఆరండి."

భీమశంకరం కలానికి మూత పెట్టేశాడు. "పద్దెనిమిది నుంచి అరవై దాకానేనమ్మా పరీక్ష."

"మరి పత్రం?"

"పరీక్ష లేకుండా పత్రం ఎలా ఇస్తామండీ?"

"మరి మెట్లపూజ?"

"పత్రం లేకుండా ఎలా చేస్తారండీ?"

"బాబూ, మరి అరవై దాటినవాళ్లు ఏం చెయ్యాలంటావు?" అన్నాడు గున్నేశ్వరరావు.

"అరవై లోపు రావాల్సిందండి."

"అప్పుడు మీ మిషను లేదు కదయ్యా" అంది మాణిక్యాంబ.

"అది మా విభాగం పరిధి కాదమ్మా. కాస్త పక్కకి జరగండి, కుర్రాళ్లున్నారు."

వెనక నిజంగానే కుర్రాళ్లున్నారు. పాలిటెక్నిక్ కబడ్డీ జట్టు బస్సు దిగి వరసలో నిలబడింది. ఒక్కొక్కడూ దేవస్థానం గోపురం తలుపులా ఉన్నాడు. "నాకిది నాలుగోసారండి మాస్టారూ" అన్నాడు వాళ్లలో ఒకడు గున్నేశ్వరరావుతో. "పరీక్షకొక పులిహోర పొట్లం ఇస్తారండి. ఎముకలు కావాలంటే మావి రాయించుకోండి, మాకేం ఫరవాలేదు."

* * *

అర్జీ పట్టుకుని కార్యనిర్వహణాధికారి గారి దగ్గరికి వెళ్లాడు గున్నేశ్వరరావు. అందరూ ఈవో గారు అనే ఆ పెద్దమనిషి మర్యాదస్తుడు. కూర్చోమన్నారు, మజ్జిగ ఇప్పించారు.

"చూడండి గున్నేశ్వరరావు గారూ. మన క్షేత్రపు ఎముకల సగటు ఈనాడు ప్లస్ ఒకటి పాయింటు రెండు. వజ్రాస్థి క్షేత్ర పురస్కారానికి మనం తుది పరిశీలనలో ఉన్నాం. ఈ కీలక దశలో వయోవృద్ధుల ఎముకలను లెక్కలోకి స్వీకరిస్తే సగటుకు తీవ్ర విఘాతం సంభవిస్తుంది."

"అయ్యా, తెలియక అడుగుతున్నాను. గట్టి ఎముకలున్నవాళ్లకి గట్టిగా ఉన్నాయని చెప్తే ఏటండీ లాభం?"

"నిర్ధారణ."

"లేనివాళ్లకో అండి?"

"లేవని వారికి తెలుసు కదా! తెలిసిన విషయాన్ని మళ్లీ పరీక్షించడం దేవుడి సొమ్ము దుర్వినియోగం."

గున్నేశ్వరరావు మజ్జిగ గ్లాసులోకి చూస్తూ ఆలోచించాడు. జ్వరమొచ్చినవాడికి థర్మామీటరు పెట్టకూడదు, పెడితే ఊరి వేడి పెరుగుతుంది అన్నట్టుంది ఇది. కానీ ఆయన ఎనిమిదో తరగతితో చదువు ఆపినవాడు. ఈవో గారి గోడకు నాలుగు పట్టాలు వేలాడుతున్నాయి. తనకే ఏదో అర్థం కాలేదేమోనన్న శంకతో అర్జీ బల్ల మీద పెట్టి దండం పెట్టి వచ్చేశాడు.

తరవాత ప్రతి సోమవారమూ ఒక అర్జీ పెట్టాడు. ప్రతి శుక్రవారమూ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చింది. ఈలోగా మాణిక్యాంబ పీట మీద ఇంకో పీట వేసుకుంటోంది. అది చూసినప్పుడల్లా ఆయన పరుగున వచ్చి పీట పట్టుకునేవాడు. నేల మీద జారితేనే మణికట్టు విరిగింది. రెండు పీటల మీద నుంచి పడితేనో?

"నేను పెడతాను దీపం, నువ్వు దిగు" అన్నాడొకరోజు.

"మీరు పెడితే ఒత్తి నూనెలో మునిగిపోతుంది. మీ పని మీరు చూసుకోండి. మిషనుకి నూనె పెట్టినట్టు కాదు ఇది."

నిబంధన మాత్రం తన దారిన తాను ఎదుగుతోంది. పల్లకి బోయీలకు పరీక్ష చేశారు. వంటశాలలో గరిటె తిప్పేవారికి చేశారు. నాదస్వరం ఊదేవాడు ఊదేది నోటితో కదా అంటే, నిలబడేది ఎముకలతో అన్నారు. అలా చేసుకుంటూ వస్తూ వస్తూ, తొలి ఏకాదశికి పది రోజుల ముందు, ఆడిటు గుమాస్తా ఒకాయన దస్త్రం మీద ఎర్ర సిరాతో ఒక ప్రశ్న రాశాడు.

తొలి ఏకాదశినాడు ఉత్సవమూర్తిని పల్లకిలో మెట్లమీదుగా ఊళ్లోకి తెస్తారు. ఉత్తర్వులో "పైకి గాని కిందికి గాని పోవు ప్రతి ఒక్కరును" అని ఉంది. స్వామివారి ధ్రువపత్రం దస్త్రంలో ఎక్కడ ఉంది?

ఆ రోజు గున్నేశ్వరరావు పదకొండో అర్జీతో ఈవో గారి గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తీసే ఉంది. లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి.

"స్వామి నడవడు కదండీ, మోస్తారు" అన్నారు ప్రధానార్చకులు తిరువేంగళాచార్యులు గారు.

"ఉత్తర్వులో 'నడచు' అని లేదు ఆచార్యుల గారూ, 'పోవు' అని ఉంది. ఉత్తర్వు అందరికీ ఒకటే. పత్రం చేయించేద్దాం. స్వామివారి వయసెంతో సెలవిస్తారా?"

"స్థలపురాణం ప్రకారం ద్వాపరం నుంచీ ఇక్కడే ఉన్నాడు."

లోపల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అంటే... అరవై దాటింది" అన్నారు ఈవో గారు, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

అప్పుడు న్యాయ సలహాదారు గొంతు సవరించుకున్నారు. "చిన్న అభ్యంతరం. చట్టం దృష్టిలో దేవుడు శాశ్వత మైనరు. అంటే పద్దెనిమిది నిండనట్టే."

"పురాణం ప్రకారం అరవై దాటింది, చట్టం ప్రకారం పద్దెనిమిది నిండలేదు" అన్నారు ఈవో గారు. "రెండు విధాలా స్వామివారు పరీక్షకు అనర్హులు. పరీక్ష లేనిదే పత్రం లేదు. పత్రం లేనిదే..."

ఎవరూ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. బయట గున్నేశ్వరరావు మాత్రం మనసులోనే పూర్తి చేసుకున్నాడు. అదే వాక్యం ఆయన మూడు నెలలుగా వింటున్నాడు. పాపం స్వామికి కూడా అదే కౌంటరు ఎదురైందన్నమాట అనుకుని, చేతులు జోడించాడు.

రెండు గంటలు చర్చించి మినహాయింపు ఉత్తర్వు రాశారు. దేవుడి పేరు దస్త్రంలో అర్జీదారుగా ఉండకూడదని న్యాయ సలహాదారు పట్టుబట్టారు. అందుకని ఇలా రాశారు: "అరవది సంవత్సరములు దాటినవారును, వివాహితులును, ఈ క్షేత్రముతో సుదీర్ఘ సంబంధము గలవారును అగు ఒకరికి మాత్రము ప్రత్యేక ప్రాతిపదికన పరీక్ష జరిపి, ఫలితమును ఆ దినముననే నమోదు చేయవలెను."

* * *

మిషనును నలుగురు మోసుకుంటూ కొండ మీది మండపంలోకి తెచ్చారు. చూడ్డానికి బరువు తూచే పెట్టెలా ఉంటుంది. మడమ పెట్టడానికి ఒక గుంట ఉంటుంది. మిషను నడిపే అమ్మాయి పేరు సుహాసిని. కాకినాడలో చదువుకుని వచ్చింది. మూడు నెలల్లో నాలుగు వేల గట్టి మడమలు చూసి విసిగిపోయి ఉంది.

తిరువేంగళాచార్యులు గారు ఉత్సవమూర్తి ముందు అడ్డంగా నిలబడ్డారు. "స్వామి పాదాల దగ్గరికి మిషను రావచ్చు. మిషనులోకి స్వామి పాదం పోదు."

"దగ్గర పెడితే 'పాదం లేదు' అని చూపిస్తోందండి" అంది సుహాసిని.

"మిషనుకి లేదేమో. మాకుంది" అని ఆయన స్వామిని గర్భగుడిలోకి తీసుకువెళ్లిపోయారు.

భీమశంకరం తల పట్టుకుని, ఏదో ఒకటి నమోదు చెయ్యమని చెప్పి, ఈవో గారికి ఫోను చెయ్యడానికి సిగ్నలు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. సుహాసిని ఉత్తర్వు మళ్లీ చదివింది. తలెత్తి చూస్తే మండపం స్తంభం దగ్గర గున్నేశ్వరరావు, మాణిక్యాంబ కనబడ్డారు. మెట్లు ఎక్కనివ్వరు గనక బస్సు దారిన దర్శనానికి వచ్చారు.

"అమ్మగారూ, ఇలా రండి. మీకు అరవై దాటాయి కదూ?"

"అది దాటే కదమ్మా ఇన్ని తిప్పలు."

"పెళ్లయింది కదండీ?"

మాణిక్యాంబ భర్త వంక చూసింది. "అయిందనే అనుకుంటున్నాను."

"కొండతో పాత సంబంధం?"

"పదకొండేళ్ల మొక్కు బాకీ ఉందమ్మా" అన్నాడు గున్నేశ్వరరావు.

"చాలండి. ఉత్తర్వులో పేరు లేదు. కూర్చుని కాలు ఇలా పెట్టండి."

ఒక నిమిషం పట్టింది. మిషను ఎర్ర అక్షరాలతో మైనస్ మూడు పాయింటు నాలుగు అని చూపించింది. సుహాసిని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"ఏటమ్మా, బాగాలేదా?" అన్నాడు గున్నేశ్వరరావు.

"పడుచు వయసు ఎముకతో పోల్చి చెప్తుందండి ఇది. మైనస్ రెండున్నర దాటితేనే గుల్లబారిందంటాం. అయితే ఇది మడమ మిషను, అనుమానం మాత్రమే చెప్తుంది. కాకినాడ పెద్దాసుపత్రిలో నడుముకీ తుంటికీ తీసే మిషను ఉంది. ఈ వారమే వెళ్లండి. అసలు ఈ పరీక్ష అమ్మగారి లాంటివాళ్ల కోసమేనండి. అరవై అయిదు దాటిన ఆడవాళ్లకి, చిన్న పాటుకే ఎముక విరిగినవాళ్లకి, ఎత్తు తగ్గినవాళ్లకి. ఆ కబడ్డీ కుర్రాళ్లకి ఏం అవసరమండి? అమ్మగారు ఎత్తు తగ్గారా, ఎప్పుడైనా చూశారా?"

గున్నేశ్వరరావు చేతిసంచిలోంచి కొలతల పుస్తకం తీశాడు. సుహాసిని ఉగాదులన్నీ వరసగా చదివింది.

"ఈ పుస్తకం మా మిషను కంటే ఆరేళ్లు ముందే చెప్పిందండి."

"చెప్పిందమ్మా" అన్నాడాయన. "నేనే నమ్మలేదు."

* * *

ఆ ఫలితం ఉత్తర్వు సంఖ్య కింద, స్వామివారి కోసం ఉన్న ఒకే ఒక్క గడిలో నమోదైంది. పత్రం దానంతటదే అచ్చయి ఈవో గారి బల్ల మీదికి చేరింది. ఎముకలు మిక్కిలి బలహీనం. మెట్లు ఎక్కరాదు, దిగరాదు. ముందుకు వంగరాదు. బరువులు మోయరాదు. పాలు పుచ్చుకోవలెను. ఉదయపు ఎండలో కూర్చొనవలెను.

ఈవో గారు దాన్ని అమలు చేశారు. ఉత్తర్వు ఉత్తర్వే. స్వామివారికి రోజూ పాలతో అభిషేకం జరుగుతున్నదనీ, కనక ఆ అంశం పాటింపబడుతున్నదనీ దస్త్రంలో రాయించారు. ముందుకు వంగరాదన్న అంశం చదివి తిరువేంగళాచార్యులు గారు, "ఆయనెప్పుడు వంగాడండీ? వంగేది మనం కదా" అన్నారు. బరువులు మోయరాదన్నది విని మాత్రం, "మరి ఈ ఊరి బరువంతా ఎవరు మోస్తారు?" అన్నారు.

గున్నేశ్వరరావుకు ఆ పత్రం సంగతి తెలిసింది. తిన్నగా ఆచార్యుల గారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి చెంపలు వేసుకున్నాడు. ఆయన విని, కండువా నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వారు.

"మీ ఆవిడ ఎముకలు కూడా ఆయన మీద వేశావన్నమాట. ఫరవాలేదయ్యా. ఎవరికీ చెప్పకు."

తొలి ఏకాదశినాడు స్వామిని దేవస్థానం జీపులో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, ఘాటు రోడ్డున దింపబోయారు. మెట్ల దారికి రెండు పక్కలా హారతి పళ్లేలతో ఊరంతా నిలబడి చూస్తోంది. స్వామి ఎంతకీ రాలేదు. బెల్టు బిగించిన కబురు మాత్రం వచ్చింది. మొదట ఒక ముసలావిడ నవ్వింది. తరవాత మెట్లన్నీ నవ్వాయి. ఆ నవ్వు కొండ మీదికి వినబడింది. బోయీలు ఎవరినీ అడగలేదు. స్వామిని పల్లకిలోకి చేర్చి భుజానికెత్తుకున్నారు. నూట ఎనభై ఏడో మెట్టును కోతుల్లాగే దాటేశారు.

మర్నాడు బోర్డు మీద "విధిగా" అన్నచోట "ఇష్టమైనచో" అని కాగితం అంటించారు. పురస్కారం వేరే కొండకు వెళ్లింది. అక్కడ పహిల్వాన్లకు మాత్రమే పరీక్ష చేశారట.

* * *

కాకినాడలో పెద్ద పరీక్ష చేసి, ఎక్స్‌రే తీసి, డాక్టరమ్మ వెలుతురులో పట్టుకుని చూపించింది. వెన్నులో రెండు పూసలు అణిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో తెలియకుండానే విరిగి, నడుంనొప్పిలా వచ్చి పోయాయంది. మందులు రాసింది. ఇక పీటలెక్కకూడదంది. ముందుకు వంగి ఏ పనీ చెయ్యకూడదంది.

"నాలుగు వందల పన్నెండుసార్లు వంగాలమ్మా నేను" అంది మాణిక్యాంబ.

"ఒక్కసారి కూడా వద్దు."

బస్సులో ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక, "అయితే మీరు తాకట్టులోనే ఉండిపోతారు" అంది. ఈసారి నవ్వలేదు.

ఇంటికి రాగానే గున్నేశ్వరరావు దేవుడి అలమర మేకులు ఊడబెరికి, ఆవిడ చేతికి అందే ఎత్తున కొట్టాడు. టేపుతో కొలిచే కొట్టాడు. తరవాత ఆచార్యుల గారి దగ్గరికి వెళ్లి అడిగాడు, ఆడమనిషి మొక్కిన మొక్కు మొగుడు తీర్చవచ్చా అని.

"ఎవరి ప్రాణం కోసం మొక్కింది?"

"నా ప్రాణం కోసమేనండి."

"మరి ఆ ప్రాణమే వచ్చి వంగితే స్వామి కాదంటాడా? పదకొండేళ్లుగా ఆవిడ్ని ఎందుకు వంగమన్నావయ్యా?"

గున్నేశ్వరరావు ఇంటికి వెళ్లి, దంపించిన పసుపు సంచి దించాడు.

శనివారం పొద్దున్నే మాణిక్యాంబను బస్సెక్కించి పైకి పంపి, ఆయన మొదటి మెట్టు దగ్గర వంగాడు. పసుపు రాసి, మూడుచోట్ల కుంకుమ పెట్టి, దండం పెట్టి, లేచి, మళ్లీ వంగాడు. నలభయ్యో మెట్టుకే నడుము తన ఉనికి తెలిపింది. నూరో మెట్టు దగ్గర, పదకొండేళ్లుగా ఇది తన పని కాదనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. నూట ఎనభై ఏడో మెట్టు మీద పసుపు నిలవలేదు. రాసిందంతా గొట్టం నీళ్లు కడిగేస్తున్నాయి. కాసేపు నిలబడి చూశాడు. మెడలోంచి టేపు తీసి, గొట్టం అతుకు చుట్టూ గట్టిగా బిగించి, దర్జీ ముడి వేశాడు. నీళ్లు ఆగాయి. కొత్త టేపు. అదీ సాగలేదు.

చివరి మెట్టు చేరేసరికి ఎండ పెరిగింది. మాణిక్యాంబ పైన అరుగు మీద నిటారుగా కూర్చుని ఉంది.

"ఆ మూల అంటలేదండీ."

ఆయన మూల కూడా రాశాడు.

"కుంకుమ మూడుచోట్లా పెట్టారా?"

"పెట్టానే."

"అన్నిటికీ?"

"నాలుగు వందల పన్నెండుకీ."

ఆవిడ గుడి వైపు తిరిగి, వంగకుండా, కూర్చున్నచోటే చేతులు జోడించింది. "స్వామీ, తీరిపోయింది. ఇక ఈయన్ని నాకిచ్చెయ్యి" అంది.